మౌంటెన్ బైక్ అలవాటే, మొదటి రోడ్ బైక్ ఎలా ఎంచుకోవాలి?

రాళ్ళదారి:

అందరికీ నమస్తే. చాలా ఏళ్ళుగా మౌంటెన్ బైకే తొక్కుతున్నాను. రాళ్ళు, చెట్ల వేళ్ళు, నిటారు దిగుడు దారులు అన్నీ అలవాటే, సైకిల్ విప్పి బిగించుకోవడం, బ్రేకుల్లో ఆయిల్ మార్చుకోవడం కూడా నేనే చేసుకుంటాను. ఇప్పుడు తారు రోడ్డు మీద రోజంతా తొక్కాలని, వంద కిలోమీటర్లు, కుదిరితే అంతకంటే ఎక్కువ, మధ్యలో పొడవాటి కొండ రోడ్లు కూడా ఎక్కాలని గట్టిగా అనిపిస్తోంది. రేసుల ఆలోచన లేదు, కానీ వేగంగా వెళ్ళాలని మాత్రం ఉంది.

సైజు చార్టులు చూస్తుంటే నాకు తెలిసిన లెక్కలన్నీ తారుమారవుతున్నాయి. నా ఎత్తు 174 సెం.మీ. నా మౌంటెన్ బైక్ మీడియం, రీచ్ 455 మి.మీ., స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) 50, హ్యాండిల్‌బార్ 780. నాకు సరిపోతుందని చెప్పే 54 సైజు రోడ్ బైక్ రీచ్ చూస్తే 380 దగ్గర ఉంది. ఏకంగా 75 మి.మీ. తక్కువ! అంత ఇరుకైతే ఎలా కూర్చోవాలి? పోనీ ఒక సైజు పెద్దది తీసుకుందామంటే బరువంతా చేతుల మీద పడుతుందని ఒకాయన గట్టిగా చెప్పారు.

గేర్ల టెన్షన్ వేరే ఉంది. నాకు ముందు 32 పళ్ళు, వెనక 10-51. రోడ్ బైకుల్లో ముందు 50/34, వెనక 11-34 అంటున్నారు, నిటారు ఎక్కుడులో అది సరిపోతుందా? గ్రావెల్ బైక్ (మట్టి రోడ్లకీ పనికొచ్చే రోడ్ బైక్ లాంటిది) ఒకటి తీసుకుంటే గొడవ వదిలిపోతుందని కొందరు, గేర్లు, బ్రేకుల సెట్ షిమానో 105 కంటే కింద కొనొద్దని ఇంకొందరు. నా ఎస్‌పీడీ (బూటు క్లిప్ అయ్యే) పెడల్స్ దీనికి వాడొచ్చో లేదో కూడా తెలియదు. సన్న టైర్లతో కొండ దిగడమంటే కొంచెం భయం ఉన్న మాట కూడా నిజం. అనుభవం ఉన్నవాళ్ళు వివరంగా చెప్పండి.

గాలివాటం:

ముందు ఆ 75 మి.మీ. సంగతి తేల్చుకుందాం, మౌంటెన్ బైక్ నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా సైజు తప్పేది అక్కడే.

రీచ్ అంటే పెడల్స్ మధ్య ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేము ముందు, ఫోర్క్ దూరే గొట్టం) పైభాగం వరకు అడ్డంగా ఉన్న దూరం. మీరు నిలబడి తొక్కేటప్పుడు ముందు ఎంత చోటు ఉందో అది చెబుతుంది. మౌంటెన్ బైక్ దిగుడులో నిలబడే తొక్కుతాం కాబట్టి అక్కడ అదే పెద్ద కొలత. రోడ్ బైక్ మీద మాత్రం గంటల తరబడి కూర్చునే ఉంటారు. కూర్చున్నప్పుడు సీటు ఎంత వెనక ఉంది, చేతులు ఎక్కడ పెడుతున్నారు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

మీ అంకెలతోనే చూద్దాం. మీ మౌంటెన్ బైక్ సీట్ ట్యూబ్ కోణం 77 డిగ్రీలు, స్టాక్ (అదే ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్ పైభాగం వరకు నిలువు ఎత్తు) 620 అనుకుంటే సీటు వైపు నుంచి హెడ్ ట్యూబ్ వరకు అడ్డంగా 600 మి.మీ.కి కాస్త తక్కువ వస్తుంది. స్టెమ్ 50 కలిపితే 650, హ్యాండిల్‌బార్ వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి చేతుల దగ్గరికి వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది. రోడ్ బైక్‌లో సీట్ కోణం 73.5, స్టాక్ 570, రీచ్ 380 అయితే అదే దూరం 550. దానికి స్టెమ్ 100, వంపు హ్యాండిల్ ముందుకు చాచిన 75 కలిపితే బ్రేక్ లివర్ల మొదట్లోకే 725 వరకు పోతుంది. అంటే రీచ్ 75 తక్కువ ఉన్న సైకిల్ మీద మీ చేతులు ఇప్పటికంటే సుమారు 8, 9 సెంటీమీటర్లు ముందుకే వెళ్తాయి. ఇరుకు అన్న మాటే రాదు, పెద్ద సైజు వైపు అసలు చూడకండి.

ఇప్పుడు మీ చేతులు 780 వెడల్పున చాచి ఉన్నాయి, అలా చాచడంలోనే చేతి పొడవు కొంత ఖర్చయిపోతుంది. రోడ్ బైక్ హ్యాండిల్ 400, 420 ఉంటుంది, చేతులు భుజాలకి ఎదురుగా తిన్నగా వెళ్తాయి. అందుకే కాగితం మీద కనిపించినంత దూరం ఒంటికి అనిపించదు.

చార్టులో మీరు చూడాల్సింది స్టాక్‌ని రీచ్‌తో భాగిస్తే వచ్చే అంకె. రేసు ఫ్రేములకి అది 1.4 చుట్టుపక్కల ఉంటుంది, రోజంతా తొక్కే ఎండ్యూరెన్స్ ఫ్రేములకి 1.5 లేదా పైన. మీరు చెప్పిన అవసరానికి 1.48 నుంచి 1.55 మధ్య వెతకండి. హ్యాండిల్ తక్కువ ఎత్తులో ఉంటే వేగం వస్తుందన్నది నిజమే, గంటకు 30 కి.మీ. దాటాక గాలితోనే పోరాటమంతా. కానీ వంగిన ఆ భంగిమలో గంట కూడా ఉండలేక పైకి లేచి తొక్కితే ఆ లాభమంతా పోయినట్టే. కాస్త ఎత్తు ఉన్న ఫ్రేము మీద మోచేతులు మడిచి హాయిగా ఉండగలిగితే రోజు మొత్తం మీద అదే వేగం.

మౌంటెన్ బైక్ మీద దారే మిమ్మల్ని లేపి నిలబెడుతుంది, ప్రతి రాయికీ ఒళ్ళు కదులుతుంది. తారు రోడ్డు మీద కదిలించేది ఏదీ ఉండదు, అందుకే మెడ, అరచేతులు, సీటు దగ్గర నొప్పి. టెస్ట్ రైడ్ అంటే షాపు ముందు ఒక చుట్టు సరిపోదు, కనీసం గంట అడగండి.

పళ్ళచక్రం:

గాలివాటం గారు సైజు సంగతి బాగా చెప్పారు. నేను గేర్లు, టైర్లు చెబుతాను, నాకు ప్రాణమైన విషయాలు ఇవే.

రాళ్ళదారి అన్నా, మీ 32/51లో పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం చుట్టులో మూడింట రెండొంతుల లోపే తిరుగుతుంది. 34/34లో సరిగ్గా ఒక చుట్టు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే మీ మౌంటెన్ బైక్ గంటకు 5 కి.మీ. పైచిలుకు వెళ్తుంది, రోడ్ బైక్ 7.7 దగ్గర వెళ్తుంది. ఇది చిన్న తేడా కాదు. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు, ఎక్కుడు 10 శాతం అనుకోండి, 7.7 వేగానికి సుమారు 190 వాట్లు కావాలి, 5 దగ్గరైతే 125 చాలు. 190 వాట్లు మీరు అరగంట, గంట ఆపకుండా పెట్టగలిగితే 34/34 మీకు చాలు. లేకపోతే మోకాళ్ళతో కుమ్ముకుంటూ ఎక్కాలి, అది వంద కిలోమీటర్ల రోజులో ఎనభయ్యో కిలోమీటరు దగ్గర ప్రాణం తీస్తుంది. దీన్ని అహంకారానికి ముడిపెట్టే మాటలు చాలా వింటాం, దయచేసి పట్టించుకోకండి. 12 స్పీడ్ 105 అయితే వెనక 11-36 క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల కట్ట) పడుతుంది. ముందు 46/30 ఉన్నవి దొరికితే ఇంకా మంచిది, 30/34 అంటే 0.88. కొనే ముందు వెనక డిరైలర్ (చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకోదానికి జరిపే భాగం) ఎన్ని పళ్ళ వరకు మోస్తుందో తప్పకుండా అడగండి, తరవాత మార్చుకుందాం అనుకుంటే అక్కడే చిక్కు పడుతుంది.

పై గేర్ గురించి బెంగ అక్కర్లేదు. 50/11లో నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 52 కి.మీ. వస్తుంది, అంతకు మించితే దిగుడే, అక్కడ తొక్కాల్సిన పనే లేదు.

మరి ముందు రెండు చైన్‌రింగులు (పెడల్స్ దగ్గరి పళ్ళచక్రాలు) ఎందుకు, మౌంటెన్ బైక్‌లా ఒకటే పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు, కానీ పక్కపక్క గేర్ల మధ్య దూరం చూడండి. మీ క్యాసెట్ 10, 12, 14, 16, 18, 21 అని దూకుతుంది. రోడ్ 11-34లో 11, 12, 13, 14, 15, 17, 19. అడవిలో దారి నిమిషానికోలా మారుతుంది కాబట్టి పెద్ద అంగలు తెలియవు. చదును రోడ్డు మీద ఎదురుగాలిలో ఒకే వేగంతో పోతున్నప్పుడు కాళ్ళకి నచ్చిన చుట్లు దొరక్కపోతే, ఒక గేర్ బరువు, పక్కది మరీ తేలిక, అదే రోజంతా విసిగిస్తుంది.

టైర్లు: 700సి చక్రం, మీ 29 అంగుళాల చక్రం, రెండింటి రిమ్ వ్యాసం ఒకటే, 622 మి.మీ. తేడా అంతా టైరు లావులోనే. 23, 25 మి.మీ. టైర్ల కాలం పోయింది, 30 లేదా 32 వేసుకోండి. 75 కిలోల మనిషికి 30 మి.మీ. టైరులో 60 పీఎస్ఐ అటూ ఇటూ సరిపోతుంది, వంద కొట్టమనే పాత సలహా వినకండి. గరుకు రోడ్డు మీద రాయిలాంటి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగిరిన ప్రతిసారీ మీ శ్రమే వృథా. ఇంకోటి, ఇందులో పట్టే గాలి తక్కువ కాబట్టి తగ్గడం త్వరగా తెలుస్తుంది, బయలుదేరే ప్రతిసారీ గేజ్ పెట్టి చూసుకోవాలి. ఫ్రేములో కనీసం 32, వీలైతే 35 పట్టే చోటు ఉందా అని అడగడం మర్చిపోకండి.

మట్టిబాట:

నా మాట గ్రావెల్ బైకే. రెండు జతల చక్రాలు పెట్టుకోండి, ఒక దానికి 30 మి.మీ. స్లిక్ (నున్నటి టైరు), ఇంకో దానికి 45 మి.మీ. గరుకు టైరు. గేర్లు ఎలాగూ తేలిగ్గానే ఉంటాయి, కాబట్టి పళ్ళచక్రం చెప్పిన సమస్య సగం తీరుతుంది. దారి మధ్యలో రోడ్డు పాడైపోయినా వెనక్కి తిరగాల్సిన పని లేదు. నేను అలాగే వాడుతున్నాను, హాయిగా ఉంది. జత మార్చినప్పుడు బ్రేక్ డిస్క్ ప్యాడ్లకి రాసుకోకుండా ఉండాలంటే రెండు జతలకీ ఒకే రకం హబ్బులు, ఒకే రకం డిస్కులు తీసుకోండి, మిగతాది సులువే.

గాలివాటం:

మట్టిబాట గారూ, ఒక్క సైకిలే ఉన్నవాళ్ళకి మీ సలహా వంద శాతం ఒప్పుకుంటాను. కానీ ఈయన ఇంట్లో మౌంటెన్ బైక్ ఉంది, దాని మీద చేయి తిరిగిన మనిషి. గ్రావెల్ బైక్ వెళ్ళే దారిలో చాలా వరకు ఆయన పాత సైకిల్ ఇంకా ఎక్కువ ఆనందంగా వెళ్తుంది. ఆయనకి లేనిది తారు రోడ్డు మీద సూటిగా, చురుగ్గా పోయే సైకిల్. గ్రావెల్ ఫ్రేముల్లో హెడ్ కోణం 70, 71 దగ్గర, చక్రాల మధ్య దూరం ఎక్కువ, ముందు చక్రం నిదానంగా తిరుగుతుంది, మట్టిలో అది వరం. రోడ్ బైక్ 72, 73 డిగ్రీలతో, మీటరుకి అటూ ఇటూ చక్రాల దూరంతో, మలుపులో చూపు తిప్పితే చాలు తిరుగుతుంది. ఆ అనుభూతి కోసమే కదా రెండో సైకిల్ కొనడం. 35 మి.మీ. పట్టే ఎండ్యూరెన్స్ ఫ్రేము తీసుకుంటే పాడైన రోడ్డు, గట్టి మట్టి రోడ్డు అదే దాటేస్తుంది.

గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్) గురించి అడిగారు కదా, క్లుప్తంగా, షిమానోలో కింది నుంచి పైకి: క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10 స్పీడ్, ఆ పైన 105. గేర్ల సంఖ్య కంటే బ్రేకులు చూడండి. క్లారిస్, సోరా సైకిళ్ళలో డిస్క్ ఉన్నా అది కేబుల్‌తో లాగేదే. టియాగ్రాలో హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసేది) దొరుకుతుంది, 105 డిస్క్ అయితే దాదాపు ఎప్పుడూ హైడ్రాలిక్కే. ఒక్క వేలితో బ్రేక్ పట్టే అలవాటున్న మీకు కేబుల్ బ్రేక్ మొదటి పొడవాటి దిగుడులోనే అరచేయి నొప్పి పుట్టిస్తుంది. నా దృష్టిలో 105 కోసం పట్టుబట్టాల్సిన పని లేదు, హైడ్రాలిక్ కోసం పట్టుబట్టండి.

రాళ్ళదారి:

అందరికీ చాలా థ్యాంక్స్, చార్టులు చూసే పద్ధతే మారిపోయింది. ఈ మధ్యలో రెండు సైకిళ్ళు తొక్కి చూశాను. స్టాక్, రీచ్ నిష్పత్తి 1.42 ఉన్నది మొదట రాకెట్‌లా అనిపించింది, కాసేపటికే మెడ పట్టేసింది. 1.52 ఉన్నది మొదట మామూలుగానే ఉంది కానీ గంట తరవాత కూడా దిగాలనిపించలేదు. దాంతో ఎండ్యూరెన్స్ అని ఖాయం చేసుకున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. తెలిసినవాళ్ళ ద్వారా అదే రకం కార్బన్ ఫ్రేము సెకండ్ హ్యాండ్‌లో దొరికేలా ఉంది, మౌంటెన్ బైక్‌కి ఏం చూడాలో నాకు తెలుసు, రోడ్ బైక్‌కి ప్రత్యేకంగా ఏం చూడాలి? రెండోది, నెమ్మదిగా యూ టర్న్ కొడుతుంటే బూటు ముందు చక్రానికి తగిలింది, అంటే సైజు తప్పా?

పానా:

బూటు తగలడం ముందు చెబుతాను. రోడ్ బైక్‌లో ముందు చక్రం పెడల్స్‌కి దగ్గరగా ఉంటుంది, చిన్న, మధ్య సైజుల్లో అది మామూలే, నడక వేగంలో హ్యాండిల్ బాగా తిప్పినప్పుడే తగులుతుంది. వేగంలో హ్యాండిల్ అంత తిరగదు. నెమ్మదిగా తిప్పేటప్పుడు మలుపు బయటి వైపు కాలు వెనక్కి ఉంచుకోండి, చాలు.

సెకండ్ హ్యాండ్ సైకిల్లో అందరూ గీతలు వెతుకుతారు. నేను ముందు చూసేది స్టీరర్, అంటే హెడ్ ట్యూబ్‌లోంచి పైకి వచ్చే ఫోర్క్ గొట్టం. పాత యజమాని హ్యాండిల్ కిందికి దించుకుని, పైన మిగిలిన ఫోర్క్ గొట్టం కోయించేసి ఉంటే మీరు మళ్ళీ పైకి లేపలేరు. మీరు ఎత్తు చూసుకుని ఎంచుకున్న ఫ్రేము కాస్తా పనికిరాకుండా పోతుంది. స్టెమ్ కింద ఎన్ని స్పేసర్లు (ఎత్తు కోసం పెట్టే రింగులు) ఉన్నాయి, పైన ఏమైనా ఉన్నాయా, ఒక ఫొటో అడిగితే తెలిసిపోతుంది. కార్బన్ స్టీరర్ అయితే స్పేసర్లకి తయారీదారు పెట్టిన పరిమితి కూడా చూడండి.

తరవాత సీట్ పోస్ట్ బోల్ట్ వదులు చేసి పైకీ కిందికీ జరిపి చూపించమనండి. చెమట, వాన నీళ్ళు దిగి ఏళ్ళ తరబడి కదపని పోస్ట్ లోపల పట్టేస్తుంది. అది ఊడకపోతే మీ ఎత్తుకి పెట్టుకోవడమే కుదరదు. బ్రేక్ గొట్టాలు, కేబుళ్ళు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) లోపలి నుంచి వెళ్ళే ఫ్రేమైతే ముందు బ్రేక్ పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి, టకటక శబ్దం, గరగర ఏమైనా ఉన్నాయేమో చూడండి. అలాంటి చాలా ఫ్రేముల్లో పై బేరింగ్ మార్చాలంటే గొట్టాలు విప్పి మళ్ళీ ఆయిల్ నింపాలి, మీరు సొంతంగా చేసుకోగలరు కానీ పని పెద్దది.

రిమ్ హుక్‌లెస్ (టైరు అంచుని పట్టే కొక్కెం లేని) రకమైతే 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ దాటి గాలి కొట్టకూడదు, టైరు కూడా దానికి ఒప్పుకున్న రకమే అయి ఉండాలి, మీకు 30 మి.మీ. టైరు కాబట్టి ఇబ్బంది లేదు. కార్బన్ పగుళ్ళకి బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ మధ్య ఇరుసు ఉండే చోటు) చుట్టూ, వెనక చక్రం పక్క గొట్టాల లోపలి వైపు, సీట్ క్లాంప్ కింద టార్చ్ వేసి వేలుగోటితో గీసి చూడండి, గోరు ఆగితే వదిలేయండి.

మీ ఎస్‌పీడీ పెడల్స్, బూట్లు నిస్సందేహంగా వాడొచ్చు, మర ఒకటే. సీటు ఎత్తు కూడా ఇప్పటి సైకిల్ కొలతే ముందు పెట్టి చూడండి, క్రాంక్ (పెడల్ బిగించే కాడ) పొడవు రెండింట్లో ఒకటేనా అని మాత్రం గమనించండి. మెకానికల్ గేర్ల భాగాలు మౌంటెన్ బైక్ నుంచి ఇందులోకి తేవాలని చూడకండి, షిమానోలో షిఫ్టర్ లాగే కేబుల్ కొలతలు వేరు.

వంకరరోడ్డు:

దిగుడు భయం అన్నారు, దాని గురించి ఎవరూ చెప్పలేదు. సైకిల్ మీద మీ పట్టు ఎక్కడికీ పోదు, కానీ మూడు అలవాట్లు మార్చుకోవాలి. మౌంటెన్ బైక్ మీద దిగుడు రాగానే ఒళ్ళు సీటు వెనక్కి పోతుంది. ఇక్కడ అలా చేస్తే ముందు టైరు మీద బరువు తగ్గి మలుపులో పట్టు పోతుంది. వంపు హ్యాండిల్ కింది భాగం పట్టుకుని, మోచేతులు మడిచి, ఛాతీ కిందికి దించండి. కింది భాగం పట్టుకుంటే బ్రేక్ లివర్ మీద వేలికి బలం కూడా ఎక్కువ వస్తుంది, పైన పట్టుకుని దిగితే ఇదే బ్రేక్ చేతకానిదిలా అనిపిస్తుంది.

రెండోది, సైకిల్‌ని మాత్రమే పక్కకి వంచి ఒళ్ళు నిటారుగా ఉంచడం మీకు అలవాటై ఉంటుంది. తారు మీద ఒళ్ళు కూడా సైకిల్‌తో పాటే వాలాలి, బయటి కాలు కింద పెట్టి దాని మీద బరువంతా వేయాలి. మూడోది, మట్టిలో వెనక చక్రం జారితే ఆడుకుంటాం, ఇక్కడ జారనివ్వకూడదు. వేగం తగ్గించుకోవడం మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. తడి రోడ్డు మీద తెల్ల గీతలు, ఇనప మూతలు, మలుపు అంచున ఇసుక, ఇవి మీకు కొత్త రాళ్ళు అనుకోండి, చూపు ఎప్పుడూ మలుపు చివరికే ఉండాలి.

ఇంకొక్కటి, ఇది కొనే రోజే చూసుకోండి. ముందు బ్రేక్ ఏ చేతికి ఉందో మీ మౌంటెన్ బైక్‌తో పోల్చి చూడండి. రెండు సైకిళ్ళలో వేర్వేరు చేతులకి ఉంటే కంగారులో తప్పు లివర్ నొక్కుతారు. గొట్టాలు లోపలి నుంచి వెళ్ళే సైకిల్లో దాన్ని మార్చాలంటే సగం విప్పాలి, కాబట్టి డబ్బు ఇచ్చే ముందే మార్పించుకోండి.